తాత పలకరించే దర్వాజ

దశరథకు తప్పులంటే ప్రాణం. అందరి తప్పులూ కావు, తాత కట్టిన ఇంట్లోని తప్పులు. గోడ ముందుకు పొంగితే పొంగినట్టే ఉండాలి, మెట్టు ఎత్తెక్కువైతే ఎక్కువగానే ఉండాలి, తలుపు కీచుమంటోందని దానికి నూనె పెట్టినవాడు మళ్లీ ఆ ఇంటి ఛాయలకు రాకూడదు. లోకంలో ఎవరైనా ఇల్లు బాగుచేయించేది ఉన్న తప్పులు పోవాలని. దశరథ మాత్రం ఒక్క తప్పు కూడా పోకుండా ఇల్లు బాగుచేసే మేస్త్రీ కావాలని దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా వెతికాడు. వచ్చిన మేస్త్రీలంతా చూసి, విని, దండం పెట్టి వెళ్లిపోయారు. చివరికి దొరికినవాడు లింగస్వామి.

లింగస్వామిది నల్లగొండ పక్క పల్లె. బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చి ఎల్బీనగర్‌లో స్థిరపడ్డాడు. చుట్టుపక్కల కాలనీల్లో సగం గోడలు తనవేనంటాడు. సగం అనేది కొంచెం ఎక్కువే గానీ, ఆయన లేపిన గోడ తిన్నగా ఉంటుందన్న మాట మాత్రం నిజం. ఎవరింటికి వెళ్లినా ముందు గోడను చూసి ఆ తర్వాత మనుషులను చూస్తాడు. కూతురు యాదలక్ష్మికి సంబంధం చూడ్డానికి అల్మాస్‌గూడ వెళ్లి, పిల్లవాడి ఉద్యోగం సంగతి అడగడం మరిచిపోయి, వాళ్ల పిట్టగోడ వంకర ఏ మేస్త్రీ పుణ్యమో అడిగి వచ్చాడు. ఆ సంబంధం కుదరలేదని వేరే చెప్పనక్కర్లేదు.

మూసారాంబాగ్ మెట్రో స్టేషన్ దగ్గర దిగి, టిఫిన్ సెంటరు పక్క గల్లీలోకి తిరిగితే, రెండు అపార్ట్‌మెంట్ల మధ్య ఇరుక్కుని ఉంటుంది దశరథ ఇల్లు. లింగస్వామి మొదటిరోజు దాన్ని తలెత్తి చూస్తూ లోపలికి అడుగుపెట్టాడు. దర్వాజ పైకమ్మి నుదుటికి ఠపీమని తగిలింది. కళ్లు తెరిచేసరికి ఎదురుగా బామ్ డబ్బా మూత తీసి పట్టుకుని దశరథ నిలబడి ఉన్నాడు. ఆయన ముఖంలో చుట్టం వచ్చినంత సంబరం.

"మా తాత పలకరించిండు," అన్నాడు దశరథ. "కొత్తోళ్లను పలకరించకుంట లోపలికి రానియ్యడు."

తాత పొట్టివాడట. దర్వాజ కొలత తన ఎత్తును బట్టే పెట్టించాడట. అప్పటి వడ్రంగి ఇంకొంచెం ఎత్తు పెడదామంటే, నాకు తగలనిది ఊరికి ఎందుకు తగులుతుందని వాదించాడట. అప్పటి నుంచి ఊరికి తగులుతూనే ఉంది.

బామ్ రాసుకుంటూ లోపలికి వెళ్లిన లింగస్వామి నొప్పి మరిచిపోయాడు. నడుమ ఆకాశం కనిపించే వాకిలి, చుట్టూ టేకు కంబాలు, ఒక్కో కంబం ఇద్దరు కలిసి కౌగిలించుకోవాల్సినంత లావు. దూలానికీ దూలానికీ మధ్య ఒక్క ఇనుప మేకు లేదు, కర్రలో కర్ర కూర్చున్నది. మీద చెయ్యి వేస్తే చల్లగా, గాజు పలకలా నున్నగా ఉన్న డంగు సున్నం గోడలు. ఒక మూల నేలలో పాత గుంట మగ్గం గొయ్యి ఇంకా ఉంది. వెనకవైపు రంగుల అర్ర అనే గదిలో షాబాద్ బండలు నీలం, ఎరుపు తాగి తాగి ఆ రంగే అయిపోయాయి. పోచంపల్లి నుంచి నిజాం కాలంలో వచ్చిన తాత ఈ అర్రలోనే నూలుకు రంగులు వేశాడట. లింగస్వామి జీవితమంతా సిమెంటు, కంకర, సలాకలతో గడిపినవాడు. ఇన్నేళ్లు తాను కట్టినవన్నీ ఈ ఇంటి ముందు నిలబెడితే ఎంతకాలం నిలుస్తాయో లెక్క వేసుకోబోయి మానేశాడు.

ఆయన ఆ మైకంలో ఉండగా దశరథ వంటింటివైపు తిరిగి, ఊరికి దండోరా వేసినట్టు గట్టిగా చెప్పాడు. "అక్కా, మేస్త్రీ వచ్చిండు. లింగస్వామి అంట. పొడుగు మనిషి, గోధుమరంగు అంగీ, కంబం పక్కన నిలబడ్డడు."

ఎవరొచ్చినా అలా చాటింపు వేయడం దశరథకు అలవాటేనని, గ్యాసు బండ తెచ్చే మనిషి అంగీ రంగు కూడా గల్లీ అందరికీ తెలుస్తుందని లింగస్వామికి తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం ఈయనకు నట్టు ఒకటి కాదు, చాలా వదులే అనుకున్నాడు.

వంటింట్లోంచి చాయ్ గ్లాసుల పళ్లెంతో అక్క అండాలమ్మ వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. వంటింటి ముందు కటకటమనే బండ మీద కాలు వేసి, పొంగిన గోడ పక్కగా ఒక వేలు రాసుకుంటూ, కంబానికి ఉన్న మేకును ఒంటితో తప్పించుకుని, చుక్క తొణక్కుండా వచ్చి ఆయన ముందు నిలబడింది. పెళ్లైన కొత్తలోనే భర్త పోతే పుట్టింటికి తిరిగొచ్చి, తమ్ముళ్లిద్దరినీ పెంచి పెద్దచేసింది. నూలుకు రంగు పడకూడని చోట ముడులు బిగించే పనిలో చుట్టుపక్కల ఆమెకు సాటి లేదట. ఒక్క పోగు పక్కకు జరిగినా అటు చివరి నుంచే పట్టేసేదట. ఆ కంటిచూపు గురించి గల్లీలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

"గోధుమరంగు అంగీ నీకు మంచిగున్నది కొడుకా," అంది.

సిమెంటు, సున్నం, చెమట కలిసిన ఆ అంగీ అసలు రంగు లింగస్వామి భార్యకే గుర్తులేదు. అయినా ఆయన పొంగిపోయాడు.

ఇంటి కష్టం చిన్నది కాదు. కిందటి వానలకు రంగుల అర్ర కప్పు కూలింది. పొంగిన గోడ బీటలు వారింది. ఇంట్లో సగం వాటా చనిపోయిన చిన్నతమ్ముడి కొడుకు చక్రపాణిది. వనస్థలిపురంలో ఫ్లాటు, మంచి ఉద్యోగం, మంచి మనసు. ఆ మంచి మనసుతోనే గొడవ. అత్త ఈ ఎగుడుదిగుళ్లలో ఎక్కడో తట్టుకుని పడుతుందని అతనికి బెంగ. దసరాకల్లా ఇల్లు గట్టిగా, అత్తకు భయం లేకుండా తయారైతే సరే, లేకపోతే బిల్డరుకు ఇచ్చేద్దాం, అత్తను మా ఇంటికి తీసుకుపోతానన్నాడు. దశరథ ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, వెంటనే ఒక్క తప్పు కూడా దిద్దకుండా పని మొదలుపెట్టించాడు. ఇల్లు దక్కాలనుకునే మనిషి చేసే పని ఇదేనా అని లింగస్వామి తల పట్టుకున్నాడు. తల అప్పటికే బొప్పి కట్టి ఉంది.

బీటలు వారిన గోడను దించి మళ్లీ లేపాలి. దించేముందు దశరథ ఒక నూలు కండె తెచ్చి, గోడ పొంగు ఎక్కడ మొదలై ఎక్కడ తగ్గుతుందో దారంతో కొలిచి, తమ కులవృత్తి పద్ధతిలో ముడులు బిగించాడు. అలా ప్రతి తప్పుకూ ఒక దారం ఉంది. గోడకు నీలం, మెట్లకు ఎరుపు, కటకట బండకు పసుపు. అన్నీ కంబం మేకుకు వేలాడుతుంటాయి. లింగస్వామి గోడ తిన్నదనం చూసే తూకం గుండు వేలాడదీస్తే దశరథ దారం వేలాడదీస్తాడు. రెండూ కలిసిన రోజు లేదు.

"సేటు, గోడ గిట్ల కడుపుతోని ఉంటే నా పేరు పోతది," అని మొత్తుకున్నాడు లింగస్వామి.

"కడుపే అది," అన్నాడు దశరథ. గోడ కడుతున్నప్పుడే నాయనమ్మకు నొప్పులొచ్చాయట. మేస్త్రీలందరూ మంత్రసానిని పిలవడానికి తలో దిక్కు పరిగెత్తారట. తిరిగి వచ్చేసరికి ఇంట్లో బిడ్డ, గోడకు పొంగు. "మా నాయిన పుట్టిన గుర్తది. దాన్ని సాపు చేస్తవా నువ్వు?"

ప్రతి తప్పుకూ ఇలాంటి కథ ఒకటి ఉంది. రంగుల అర్రకు దిగే మెట్లలో నడిమిది బెత్తెడు ఎత్తెక్కువ. రాయి తక్కువ పడితే తాత బట్టలుతికే బండ తెచ్చి వేశాడట. కంబం మేకు ఏనాడో నూలు చిలపలు తగిలించడానికి కొట్టింది. ఇప్పుడు అది వచ్చినవాళ్ల అంగీలు చింపుతూ ఉంటుంది. లింగస్వామివి రెండు పోయాయి. రెండోది పోయిన రోజు ఆయన బనీనుతో పని చేస్తుంటే అండాలమ్మ మధ్యాహ్నం జొన్నరొట్టె తెచ్చి, "పచ్చ అంగీ ఇంక మంచిగున్నదిరా," అంది. పొద్దున దశరథ చాటింపు వేసింది పచ్చ అంగీ అనే. ముసలామె ఎగతాళి చేస్తోందనుకుని లింగస్వామి నవ్వాడు.

సిమెంటు మాట ఎత్తితే దశరథకు ఒళ్లు మంట. సున్నం నానబెట్టి, ఇసుక, ఇటుక పొడి, బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు పోసి నూరించాడు. బెల్లం వాసనకు గల్లీలోని చీమలన్నీ ఇంటికొచ్చాయి. లడ్డూలు ఎవరి పెళ్లికని టిఫిన్ సెంటరువాళ్లు అడిగారు. తన తోటి మేస్త్రీల కళ్లల్లో పడకుండా లింగస్వామి ఇంటి ముందు ఆకుపచ్చ తెర కట్టించాడు. కానీ ఆరిన సున్నాన్ని పచ్చి కొబ్బరిపీచుతో రుద్దుతుంటే అద్దంలా మెరుగు తేలడం చూసినప్పుడు, చెయ్యి తీయబుద్ధి కాక అలాగే నిలబడిపోయేవాడు. తాత కాలంలో ఇదే గోడను రుద్దిన మేస్త్రీ ఎవరో, ఆ చేతికి కూడా ఇలాగే ఉండేదేమో అనిపించేది.

అన్నీ సహించాడు గానీ నడిమి మెట్టును మాత్రం సహించలేకపోయాడు. ఉన్నవి మూడు మెట్లు, వాటిలో ఒకటి గూనిది. కలలో కూడా అదే కనిపించేది. ఒకరోజు దశరథ పోచంపల్లిలో చుట్టాల పెళ్లికని పొద్దున్నే బయలుదేరాడు. అతను గల్లీ మలుపు తిరగగానే లింగస్వామి బండ లేపి, కింద చెక్కి, మూడు మెట్లూ ఒక్క తీరుగా కూర్చోబెట్టాడు. రసమట్టం పెట్టి చూస్తే నీటిబుడగ నడిమధ్యన నిలిచింది. చాలా రోజుల తర్వాత ప్రాణం లేచి వచ్చింది. చక్రపాణి మెచ్చుకుంటాడు, ఇల్లు దక్కుతుంది, సేటు తిట్టినా ఒక పూట తిడతాడు అనుకున్నాడు.

మధ్యాహ్నం అండాలమ్మ చాయ్ తెచ్చింది. ఎప్పటిలాగే కటకట బండ, గోడ మీద వేలు, మేకు దగ్గర ఒళ్లు తిప్పడం. మెట్ల దగ్గరికి వచ్చి మొదటి మెట్టు దిగింది. రెండో మెట్టుకు ఎప్పటి అలవాటున పాదం వేసింది. అక్కడ ఉండాల్సిన రాయి అక్కడ లేదు. గ్లాసులు ఎగిరి బండల మీద పగిలాయి. లింగస్వామి ఉరికొచ్చి చెయ్యి పట్టుకున్నాడు గనక ఆమె పడలేదు.

ఆమె కదల్లేదు. ఇంకో చేత్తో మెల్లగా గోడ తడిమింది, పాదంతో మెట్టు తడిమింది. ముఖం లింగస్వామి వైపు తిరిగింది గానీ, చూపు మాత్రం ఆయన చెవి పక్కగా ఎటో వెళ్లిపోయింది.

"గిది మా ఇల్లేనా?" అని అడిగింది. అంతవరకు ఆమె గొంతులో భయం అనేది ఆయన వినలేదు.

లింగస్వామికి అప్పుడర్థమైంది. పచ్చ అంగీ, గోధుమరంగు అంగీ, చాటింపు, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. తాను తిన్నగా పెట్టిన ఆ మెట్టు మీదనే కూలబడ్డాడు. అండాలమ్మ సర్దుకుని, చెయ్యి విడిపించుకుని, కాలు జారింది అంతే అని వంటింటికి వెళ్లిపోయింది. గోడ మీద ఈసారి వేలు కాదు, రెండు చేతులూ ఆనించి వెళ్లింది.

పెళ్లి నుంచి వచ్చిన దశరథ మెట్టు చూశాడు. తిడతాడనుకుంటే తిట్టలేదు. లింగస్వామిని వీధి అరుగు మీదికి తీసుకొచ్చి కూర్చోబెట్టి, మెల్లగా చెప్పాడు. మనిషికి అంత చిన్న గొంతు ఉందని లింగస్వామికి అప్పుడే తెలిసింది.

"అక్కకు చూపు పోయి కొన్నేండ్లాయె. ఆమె చెప్పలే, నేను అడగలే. దవాఖానకు పోయి డాక్టర్‌ను నేనే అడిగిన, ఇంక అయ్యేదేం లేదన్నడు. ఒక్క పోగు తప్పితే పట్టిన కండ్లు లింగస్వామీ అవి. కనబడ్తలేదని నలుగురికి తెలిస్తే తట్టుకోదు. చక్రపాణికి తెలిస్తే తీస్కపోతడు. ఆ ఫ్లాట్ల గోడలన్ని ఒక్క తీరే ఉంటయ్, ఆమెకు ఏ గోడ ఏదో ఎట్ల తెలుస్తది?"

లింగస్వామి తల తిప్పి లోపలి మెట్ల వైపు చూశాడు.

"గీ ఇంట్ల ఆమెకు గా పొంగే దారి, గా మెట్టే దారి. అవి పోతే ఆమెకు ఇల్లు పోయినట్టే," అన్నాడు దశరథ. "నన్ను పిచ్చోడంటే అననియ్. నాకు తెల్సని మాత్రం ఆమెకు తెల్వొద్దు."

ఇన్నాళ్లూ గల్లీ అంతా నవ్విన ఆ ముఖం వైపు లింగస్వామి కాసేపు చూశాడు. ఎంత ఎత్తు మనిషో, ఆ పొట్టి దర్వాజ కింద ఇన్నేళ్లు ఎలా పట్టాడో అనిపించింది. ఆమెకు తెలియనివ్వనని మాట ఇచ్చి, లేచి వెళ్లి మేకు నుంచి ఎర్ర దారం తీసుకున్నాడు.

తిన్నగా కట్టడం ఎవరైనా నేర్పుతారు. వంకరగా, అదీ ఎప్పటి వంకరంత వంకరగా, వెంట్రుకవాసి తేడా లేకుండా కట్టడం ఎక్కడా నేర్పరు. లింగస్వామి బండ పెట్టి, దారం పట్టి, తీసి, మళ్లీ పెట్టి, చెమటలు కక్కాడు. దారం ముడి దగ్గర రాయి అంచు సరిగ్గా ఆనినప్పుడు, తన జీవితంలో ఏ ఇంటి గృహప్రవేశానికీ రాని సంతోషం వచ్చింది. ఆ రోజు నుంచి ఆయన కూడా పొద్దున్నే వాకిట్లోకి వస్తూ, "అమ్మా, నేను లింగస్వామిని. ఇయ్యాల తెల్ల అంగీ, ఎడమ జేబు చినిగింది," అని చాటింపు వేయడం మొదలుపెట్టాడు. గల్లీవాళ్లు పిచ్చి అంటుకుంటుందని నిర్ధారించుకున్నారు.

దసరాకు ముందు చక్రపాణి వచ్చాడు. దర్వాజ దగ్గర తాత పలకరించాడు. నుదుటికి బామ్ రాయించుకుంటూనే ఫోన్ తీశాడు. అందులో రసమట్టం ఉంది. కొత్తగా లేపిన గోడకు ఫోన్ ఆనిస్తే వంకర చూపించింది. కటకట బండ మీద పెడితే వంకర. నడిమి మెట్టు మీద పెడితే ఫోనే జారి కింద పడింది.

"పెద్దనాయిన సంగతి తెల్సిందే," అన్నాడు చక్రపాణి, కోపంకన్నా దిగులుతో. "మేస్త్రీ, నువ్వన్న చెప్పాలె గదా. కొత్తగ కట్టి గిట్ల వంకర ఎవరు పెట్టిండ్రు?"

దశరథ నోరు తెరిచాడు. తానే బలవంతం చేశానని చెప్పి లింగస్వామి పేరు కాపాడబోయాడు. లింగస్వామి అతన్ని దాటి ముందుకొచ్చాడు.

"నేనే పెట్టిన సార్," అన్నాడు. "ఎవలడిగినా నా పేరే చెప్పుండ్రి. గీ ఇల్లు గిట్లనే ఉండాలె. గట్టితనం ఎంతుందో నువ్వే చూస్కో."

చక్రపాణి తల ఊపి, పడిన ఫోన్ అందుకుని పగిలిందేమో చూసుకుంటూనే, గట్టితనం చూడ్డానికి రంగుల అర్రలోకి దిగబోయాడు. మొదటి మెట్టు సరే. రెండోది అనుకున్నదానికంటే ముందే కాలికి తగిలింది. మనిషి ముందుకు తూలాడు. అప్పుడే చాయ్ పళ్లెంతో మెట్ల దగ్గరికి వచ్చిన అండాలమ్మ ఆ కాలి చప్పుడు విని, ఒక చేత్తో పళ్లెం పట్టుకుని రెండో చేత్తో అతని రెక్క ఒడిసిపట్టింది. పళ్లెంలో చాయ్ తొణకలేదు.

"జర చూస్కొని నడువు బిడ్డా," అంది. "కండ్లు ఫోన్ల పెడితే మెట్లు ఎట్ల కనబడ్తయ్?"

ఆమె అతన్ని నిలబెట్టి, ఆ మెట్లే దిగి, అర్ర దాటి, పొంగిన గోడ పక్కగా తిరిగి, ఎవరి గ్లాసు వాళ్ల చేతికి అందించింది. చక్రపాణి ఆమె పాదాలనే చూస్తూ నిలబడ్డాడు. ఒక్క అడుగు తడబడలేదు. ఆ ఇల్లు ఆమె పాదాల కింద తనంతట తాను సర్దుకుంటున్నట్టుంది.

చాయ్ తాగి, ఫోన్ జేబులో పెట్టుకుని చక్రపాణి అన్నాడు. "గీ ఇంట్ల పడితే నేను పడ్త గని అత్త పడదు. బిల్డరుకు వద్దని చెప్త పెద్దనాయినా." దశరథ అటు తిరిగి బామ్ డబ్బా మూత పెట్టడంలో మునిగిపోయాడు. మూత పెట్టడానికి అతనికి చాలా సేపు పట్టింది.

సామాన్లు సర్దుకుని వెళ్లబోతున్న లింగస్వామిని అండాలమ్మ కంబం దగ్గర ఆపింది. అటూ ఇటూ చెవి పెట్టి, తమ్ముడు దగ్గర్లో లేడని రూఢి చేసుకుంది.

"మెట్టు మల్ల మంచిగ కూసోపెట్టినవ్. నీకు తెల్సిందని నాకు తెల్సు," అంది గుసగుసగా. "మా తమ్మునికి మాత్రం చెప్పకు. నాకు కనబడ్తలేదని వానికి తెల్వదు. తెలిస్తే పరేషాన్ అయితడు, పాపం పిచ్చోడు."

లింగస్వామికి నవ్వు పొంగుకొచ్చింది. కళ్లు కూడా కొంచెం పొంగాయి, అవి సున్నం వల్ల అనుకున్నాడు. చెప్పనని మాట ఇచ్చాడు. అరుగు మీద దశరథకు ఇచ్చిన మాటా, ఇప్పుడు అక్కకు ఇచ్చిన మాటా రెండూ మోస్తూ బయటికి నడిచాడు. ఆ సంతోషంలో, రోజూ వస్తూ పోతూ తగిలించుకునే దర్వాజ కింద, ఎన్నడూ లేనిది, ఆయన తల దానంతట అదే వంగింది. ఏమీ తగలకుండా గల్లీలోకి వచ్చేశాడు.

లోపల్నుంచి అండాలమ్మ గొంతు వినిపించింది. "లింగస్వామీ, పోయినవా? తాత పలకరించలేదేంది?"

ఆయన ఆగాడు. వెనక్కి వచ్చి, వేలి కణుపులతో దర్వాజ పైకమ్మి మీద ఠప్పున కొట్టాడు.

"పలకరించిండమ్మా," అన్నాడు. "పోయొస్త."